పాత రేడియో గ్రాహకములు – వానిని బాగుచేయు క్రమము

రేడియో వినుటయందు రెండు విధములు గలవు. ప్రసార కేంద్రములవారు మహాశక్తితో పంపెడు పాటలను, వార్తలను ఇంటిలో గూర్చుండి సుఖముగా వినుట మొదటి విధము. ఎక్కడనో దూరదేశమున నొక వ్యక్తి, ఒక పెద్ద విద్యుద్దీపమునకు చాలునంతటి కొద్దిపాటి శక్తితో పంపెడు మాటను, వేయి చప్పుళ్ళ నడుమ వెదకి పట్టుకొని వినుట రెండవ విధము. ఈ రెండవ పనిని లాభాపేక్ష లేక, కేవలము విద్యాభిరుచిచే జేయువారిని ఔత్సాహిక రేడియో ప్రవర్తకులందురు. లోకమున వారికి 'హాములు' అని వాడుక పేరు. వారి గ్రాహకములు మన యిండ్లలోని రేడియోలకంటె సూక్ష్మమైన చెవులు గలవి.

1930వ సంవత్సరము మొదలుకొని 1960వ సంవత్సరము వఱకు వాల్వులతో నిర్మింపబడిన ఇట్టి గ్రాహకములు నేటికిని అక్కడక్కడ మిగిలియున్నవి. రెండవ ప్రపంచయుద్ధము ముగిసిన పిమ్మట సైన్యములకు మిగులుపడిన యంత్రములనేకములు పాతసామానుల విపణిలోనికి వచ్చి ఔత్సాహికుల చేతికి జేరినవి. అట్టిది యొకటి దుమ్ముపట్టి, మూలబడి, తుదకు ఒక విద్యార్థి చేతికి వచ్చినప్పుడు అతడడుగు ప్రశ్న యొక్కటే: ఇది మఱల పలుకునా? పలికినను, పూర్వముకంటె బాగుగా పలికింపవచ్చునా?

పలికింపవచ్చును. అయితే దానికొక క్రమము గలదు. ఆ క్రమము దప్పినవారు యంత్రమును పాడుచేయుదురు. ఒక్కొక్కప్పుడు ప్రాణమునకే ముప్పు దెచ్చుకొందురు. గ్రాహకమును బాగుచేయుట యనగా శబ్దమును పెంచుట కాదనియు, వినదగిన స్వరమునకు అడ్డుగా నున్నవానిని ఒక్కొక్కటిగా తొలగించుట యనియు మా యభిప్రాయము. ఈ వ్యాసమంతయు ఆ మాటకు వివరణమే.

గ్రాహకము పనిచేయు విధము

ఏరియలు తీగపై ఒక్కసారిగా అనేక ప్రసారముల తరంగములు వచ్చి పడుచుండును. వానిలో మనకు గావలసినది యొక్కటియే. అమెరికా సైన్యమున అధికారిగా నుండిన ఎడ్విన్ ఆర్మ్‌స్ట్రాంగు 1918వ సంవత్సరమున పారిస్ నగరములో నుండగా ఇందుకొక చక్కని యుపాయము గనిపెట్టెను. దానికి సూపర్‌హెటిరోడైను పద్ధతియని పేరు. ఊరూరి ధాన్యమును ఒకే కుంచముతో గొలిచినట్లు, ఏ పౌనఃపున్యముగల తరంగము వచ్చినను దానిని ఒకే మధ్యమ పౌనఃపున్యమునకు మార్చి, అక్కడనే పెంచి, అక్కడనే వడగట్టుట యీ పద్ధతిలోని సారము.

ఇట్లు మార్చుటకై గ్రాహకములోనే యొక చిన్న తరంగజనకము, అనగా ఆసిలేటరు, ఉండును. వచ్చిన తరంగమును, ఆసిలేటరు పుట్టించిన తరంగమును ఒక వాల్వులో గలిపినప్పుడు వాని భేదముతో సమానమైన మూడవ తరంగము పుట్టును. చాల గ్రాహకములలో ఈ భేదము 455 కిలోహెర్ట్జులుగా నిర్ణయింపబడినది. పాత డయళ్ళపై 'కిలోసైకిళ్ళు' అని యుండును, రెండును ఒకటియే. ఈ తరంగమును పెంచిన తరువాత డిటెక్టరు దానినుండి మాటను వేఱుచేయును. ఆ మాటను చివరి వాల్వులు బలపఱచి స్పీకరునకు పంపును.

మంచి గ్రాహకమునకు మూడు గుణములు ముఖ్యము. బలహీనమైన తరంగమునుగూడ పట్టుకొనుట సూక్ష్మత. ప్రక్కప్రక్కనున్న రెండు ప్రసారములలో నొకదానినే వినిపించుట ఎంపికశక్తి. ఒకచోట నిలిపిన ముల్లు అక్కడి ప్రసారమునే వినిపించుచుండుట నిలుకడ. ఈ మూటిలో దేనికి లోపము గలిగినదో తెలియక చేసిన మరమ్మతు, రోగము తెలియక యిచ్చిన మందువంటిది.

వివరణార్థము రెండు యంత్రములను దీసికొందము. చికాగో నగరపు హాలీక్రాఫ్టర్స్ సంస్థవారు 1946లో విక్రయింపసాగిన ఎస్-38 యను గ్రాహకము మొదటిది. అది కొద్దిపాటి ధనముగల యువకులకై చేసిన చిన్న యంత్రము; ఆఱు వాల్వులు మాత్రమే గలది. మసాచుసెట్స్ రాష్ట్రమున మాల్డెన్ పట్టణములోని నేషనల్ సంస్థవారు 1935లో విపణిలోనికి దెచ్చిన హెచ్.ఆర్.ఓ. రెండవది. జేమ్స్ మిల్లెన్ గారి పర్యవేక్షణమున రూపొందిన యీ యంత్రము చాల ఘనమైనది. రెండవ యుద్ధకాలమున ఇంగ్లాండులో శత్రువుల సందేశములను వినుటకు దీనిని విరివిగా వాడిరి. ఒకటి పేదవాని యంత్రము, మఱియొకటి ధనికుని యంత్రము. వీనిని ప్రక్కప్రక్కన బెట్టి చూచినచో, ఎచ్చట ఏ లోపమో, దానికేది మందో సులభముగా దెలియును.

ముందుగా ప్రాణరక్షణము

వాల్వు గ్రాహకములో 100 వోల్టులు మొదలు 300 వోల్టుల వఱకు విద్యుత్తు సంచరించుచుండును. మీట ఆపిన తరువాతగూడ పెద్ద కండెన్సర్లలో కొంతసేపు ఆ శక్తి నిలిచియుండును. కావున ప్లగ్గు తీసి, ఆ కండెన్సర్లను రెసిస్టరు ద్వారా ఖాళీచేసి, మీటరుతో జూచి, వోల్టేజి లేదని నిశ్చయించుకొనిన పిమ్మటనే చేయి లోపల బెట్టవలెను. యంత్రము నడచుచుండగా కొలతలు తీసికొనవలసివచ్చిన యెడల ఒక చేయిని వెనుకకు బెట్టుకొని, రెండవచేతితో మాత్రమే పనిచేయుట పాతకాలపు మెకానిక్కుల నియమము. విద్యుత్తు ఒక చేతినుండి మఱియొక చేతికి, గుండె మీదుగా ప్రవహింపకుండుటకే యీ జాగ్రత్త.

ఎస్-38 వంటి చిన్న యంత్రములలో ఇంకొక యపాయము గలదు. వానిలో విద్యుత్తును వేఱుచేయు ట్రాన్స్‌ఫార్మరు లేదు. మొదటి నమూనాలోని ఆఱు వాల్వుల తంతువులను జూడుడు: నాలుగింటికి 12.6 వోల్టులు, రెండింటికి 35 వోల్టులు కావలెను. అన్నియు వరుసగా కలుపబడినవి గనుక మొత్తము సుమారు 120 వోల్టులు. అనగా అమెరికాదేశపు ఇండ్లలోని విద్యుత్తుతో నించుమించుగా సమానము. ట్రాన్స్‌ఫార్మరు ఖర్చు తప్పించుటకై చేసిన యుపాయమిది. దాని ఫలముగా లోపలి తీగలు ఇంటి విద్యుత్తుతో నేరుగా సంబంధించియుండును. లోపలి యొక కండెన్సరు పాడైనను, ప్లగ్గు తలక్రిందుగా బెట్టినను, ఇనుపపెట్టెను ముట్టినవానికి ప్రాణాపాయము గలుగవచ్చును.

మన దేశమున ఇండ్లకు వచ్చునది 230 వోల్టులు. దానిని నేరుగా నిచ్చినయెడల అమెరికా యంత్రము క్షణములో నాశమగును. తగ్గించు ట్రాన్స్‌ఫార్మరు అవశ్యము. అయితే అంగడిలో దొరకు చౌకరకపు ట్రాన్స్‌ఫార్మర్లలో పెక్కు 'ఆటో' రకమునకు జెందినవి. అవి వోల్టేజిని తగ్గించునే గాని, యంత్రమును ఇంటిలైనునుండి వేఱుచేయవు. రెండు వేఱువేఱు చుట్లుగల ఐసొలేషను ట్రాన్స్‌ఫార్మరు నే కొనవలెను. దానికొక ఫ్యూజును జేర్చవలెను. దీనికై పెట్టు రూకలు గ్రాహకముపై పెట్టు మొదటి ఖర్చు కావలెను. తల్లిదండ్రులకు మా మనవి: ఇది సమకూడనిదే పిల్లలను ఇట్టి యంత్రముల దాపునకు బోనీయవలదు; సమకూడిన తరువాతగూడ పని తెలిసిన పెద్దలు ప్రక్కన నుండవలెను.

చికిత్సకు పూర్వము ఆరోగ్యము

ఏండ్ల తరబడి మూలబడిన యంత్రమును తెచ్చిన వెంటనే మీట వేయరాదు. లోపలి దుమ్మును మెత్తని కుంచెతో దులిపి, త్రాడు చిట్లియున్న మార్చి, పిదప కండెన్సర్లను పరీక్షింపవలెను. పాత యంత్రము పలుకక పోవుటకు తఱచుగా వాల్వులే కారణమని జనులు తలంతురు. మా యనుభవమున వాల్వులకంటె కండెన్సర్లే ఎక్కువగా దోషులు.

ఆనాటి చిన్న కండెన్సర్లు కాగితమును, రేకును చుట్టి మైనము బోసి చేసినవి. కాలక్రమమున ఆ కాగితము తేమ బీల్చుకొని, విద్యుత్తును కొద్దికొద్దిగా కార్చును. మొదటి శబ్దవర్ధక వాల్వునకును, చివరి వాల్వు గ్రిడ్డునకును నడుమనున్న కండెన్సరు వీనిలో మిక్కిలి ముఖ్యమైనది. అది కారినచో ముందరి వాల్వునందలి ధనవోల్టేజి గ్రిడ్డుపైకి బ్రాకి, చివరి వాల్వు మితిమీఱిన విద్యుత్తు లాగి, తానును కాలి, స్పీకరు ట్రాన్స్‌ఫార్మరునుగూడ కాల్చును. కొద్ది రూపాయల కండెన్సరును మార్చక, దొరకని ట్రాన్స్‌ఫార్మరును బోగొట్టుకొనుట యెంతటి యవివేకము!

కాగితపు కండెన్సర్లను నేటి ప్లాస్టిక్ ఫిల్ము కండెన్సర్లతో మార్చవలెను. విలువ అదియే, వోల్టుల ఓర్పు అంతకు తక్కువ కారాదు. ఎలక్ట్రోలిటిక్ రకము ఎండిపోయి, స్పీకరులో తుమ్మెద ఝంకారమువంటి రొద పుట్టించును. వానినిగూడ క్రొత్తవానితో మార్చవలెను. ఇంటిలైనునకు అడ్డముగాను, లైనునకును ఇనుపపెట్టెకును నడుమను ఉండు కండెన్సర్ల స్థానమున సామాన్యమైనవి వాడరాదు. అడ్డముగా నుండువానికి ఎక్స్ తరగతి, పెట్టెకు గలుపువానికి వై తరగతి యని భద్రతకై ప్రత్యేకముగా చేసిన రకములు దొరకును. కార్బను రెసిస్టర్లు కాలము గడచినకొలది విలువ పెరుగును. వ్రాసియున్న విలువకంటె నూటికి ఇరువది పాళ్ళకు మించి తేడాయున్నవానిని మార్చిన జాలును. మైకా కండెన్సర్లను, కాయిళ్ళను కారణము లేక కదలింపవలదు.

ఇవి మార్చిన పిమ్మట, మన రేడియో మరమ్మతు అంగళ్ళలో వాడు సీరీసు బల్బు ద్వారా మొదటిసారి విద్యుత్తు నిచ్చుట మేలు. ట్రాన్స్‌ఫార్మరునకు ముందు తంతువుగల 60 వాట్ల బల్బును వరుసగా కలిపినచో, లోపల ఎక్కడనైన విద్యుత్తు దారి దప్పియున్న బల్బు ప్రకాశించి మనకు జెప్పును, యంత్రము కాలదు. బల్బు తొలుత వెలిగి, క్రమముగా మందగించినయెడల సంతోషింపవచ్చును.

బ్యాండు మార్చు మీటయొక్క స్పర్శలును, తిరుగుడు కండెన్సరు ఇరుసునకు తగిలియుండు స్ప్రింగులును మురికిపట్టి కరకర శబ్దము చేయుచుండును. స్పర్శలను శుభ్రపఱచుటకై చేసిన ద్రవమును చుక్కగా వేసి, మీటను పదిసార్లు త్రిప్పినచో పెక్కు రోగములు కుదురును. ఇంతవఱకు చేసినదంతయు క్రొత్త గుణమును జేర్చుట కాదు. ఉండిన గుణమును మఱల రప్పించుట. అయినను పెక్కు గ్రాహకములకు ఇంతకుమించిన చికిత్స యక్కరయుండదు.

శ్రుతి చేయుట

వీణతీగలు వదులైనట్లు గ్రాహకములోని శ్రుతులును కాలక్రమమున దప్పును. అయితే స్క్రూలను చూచినంతనే త్రిప్పుట మహాపరాధము. సిగ్నలు జనరేటరు, మీటరు, ఆ యంత్రపు సేవాపత్రము ఈ మూడును దగ్గఱ నుండవలెను. ముందు 455 కిలోహెర్ట్జుల తరంగమును మిక్కిలి సన్నముగా నిచ్చి, మధ్యమ పౌనఃపున్యపు స్క్రూలను గరిష్ఠ శబ్దము వచ్చునట్లు సవరింపవలెను. తరంగము బలముగా నున్నచో గ్రాహకములోని స్వయంచాలక నియంత్రణము తేడాను కప్పిపుచ్చును. తరువాత ఆసిలేటరును డయలుతో సరిపుచ్చవలెను. తుదకు ఏరియలు శ్రుతిని సవరింపవలెను. స్క్రూ త్రిప్పు పనిముట్టు ప్లాస్టికుతోనో వెదురుతోనో చేసినదై యుండవలెను. లోహపు స్క్రూడ్రైవరు దగ్గఱకు వచ్చుటచేతనే శ్రుతి మాఱును.

డయలు సరియైనదో కాదో తెలిసికొనుటకు ఆకాశమే మనకు కొలబద్ద నిచ్చుచున్నది. అమెరికాదేశపు డబ్ల్యు.డబ్ల్యు.వి., చైనాదేశపు బి.పి.ఎం. అను కాలసూచక కేంద్రములు 5, 10, 15 మెగాహెర్ట్జులపై క్షణక్షణమును టిక్కుటిక్కుమను శబ్దము పంపుచుండును. అవి వినబడినచోట డయలు ముల్లు సరిగా ఆ యంకెపై నిలిచినదా యని చూచుకొనవచ్చును.

ఏరియలును, చప్పుడును

ఇచ్చట విద్యార్థులందఱును చేయదగిన పరీక్ష యొకటి గలదు. గ్రాహకమును 7 మెగాహెర్ట్జులకు త్రిప్పి, ప్రసారములేని తావున నిలిపి, వచ్చుచున్న హోరును వినుడు. ఇప్పుడు ఏరియలు తీగను ఊడదీయుడు. హోరు స్పష్టముగా తగ్గినదా? తగ్గినచో మీ గ్రాహకపు సూక్ష్మత చాలినంత యున్నదని యర్థము. వినబడిన హోరు యంత్రములోనిది కాదు, బయటినుండి వచ్చినది. అట్టి సమయమున ఎంత ఖరీదైన వాల్వులు వేసినను లాభము లేదు. స్వరముతోపాటు హోరును గూడ పెంచుటయే యగును. 20 మెగాహెర్ట్జులకు పైని మాత్రము బయటి హోరు తగ్గును గనుక, అక్కడ మొదటి వాల్వు మంచిదై యుండుట ప్రయోజనకరము.

నేటి యిండ్లలో ఆ హోరునకు కారణములు పెక్కు: ఎల్.ఇ.డి. దీపములు, ఫోను చార్జర్లు, ఇన్వర్టర్లు. 1946లో ఎస్-38ని నిర్మించినవారు ఇవి యెఱుగరు. చిన్న ట్రాన్సిస్టరు రేడియోను చేతబట్టుకొని ఇల్లంతయు దిరిగినచో ఏ వస్తువు రొదచేయుచున్నదో తెలియును. దానిని ఆపుట, లేక మార్చుట, గ్రాహకములో చేయు ఏ సవరణకంటెను అధిక ఫలము నిచ్చును.

ఏరియలును ఇంటిగోడలకు దూరముగా, వీలైనంత యెత్తున గట్టవలెను. 7 మెగాహెర్ట్జుల బ్యాండునకు సుమారు 20 మీటర్ల తీగను నడుమకు ఖండించి, రెండువైపుల పదేసి మీటర్లుగా సాగదీసి, నడిమినుండి కేబులు ద్వారా క్రిందికి దెచ్చినది సులభమైన ఏరియలు. దీనికి డైపోలు అని పేరు. రెండు చెట్లు, కొంత రాగితీగ, కొంత శ్రమ యున్న జాలును. కరెంటు తీగల మీదుగా గాని, వాని దాపున గాని ఏరియలు కట్టరాదు. వానకాలమున ఉఱుము వినబడకమునుపే తీగను గ్రాహకమునుండి తొలగింపవలెను.

నీడ ప్రసారము

ఎస్-38 గలవారు తఱచు చెప్పు ఫిర్యాదు యొకటి: హాములు మాటలాడుకొను 14 మెగాహెర్ట్జుల బ్యాండులో విదేశపు సంగీతమో, వార్తలో వినబడుచున్నవి యని. దీని కారణము లెక్కచే దెలియును. మనము 14,200 కిలోహెర్ట్జులను వినదలచితిమి. ఆసిలేటరు దానికంటె 455 ఎక్కువగా, అనగా 14,655 వద్ద నుండును. అయితే 14,655కు పైన 455 దూరములో నున్న 15,110 కిలోహెర్ట్జులకును భేదము అంతియే గదా! గ్రాహకమునకు ఈ రెండును సమానమే. 15,110 అంతర్జాతీయ ప్రసార కేంద్రములకు కేటాయించిన 19 మీటర్ల బ్యాండులోనిది. ఆ బలమైన ప్రసారము నీడవలె మన బ్యాండులోనికి జొచ్చును. దీనినే ఇమేజి యందురు.

దీనిని ఆపవలసినది మిశ్రమము చేయు వాల్వునకు ముందే. ఎస్-38లో అట్టి శ్రుతిచేసిన వలయము ఒక్కటియే గలదు, హెచ్.ఆర్.ఓ.లో ముందు రెండు వర్ధక వాల్వులు, మూడు శ్రుతివలయములు గలవు. ధనికుని యంత్రపు ఘనత యిదియే. పేదవాని యంత్రమునకు ఏమి సాధనము? చిన్న డబ్బాలో ఒక కాయిలును, ఒక తిరుగుడు కండెన్సరును అమర్చి, ఏరియలునకును గ్రాహకమునకును నడుమ బెట్టుట. మంచి కాయిలైనచో ఇట్టి యొక్క వలయమే నీడ ప్రసారపు వోల్టేజిని సుమారు పదవవంతునకు తగ్గింపగలదు. గ్రాహకమునకు రంధ్రము తొలువనక్కరలేదు, తీగ మార్చనక్కరలేదు.

ఎంపిక, నిలుకడ, నేటి మాటలు

పాత గ్రాహకములు వాహకతరంగముతో గూడిన ఎ.ఎం. మాటకును, మోర్సు సంకేతములకును ఉద్దేశింపబడినవి. యుద్ధానంతరము హాములు క్రమముగా ఎస్.ఎస్.బి. యను పద్ధతికి మాఱిరి. ఇందులో వాహకతరంగమును, ఒక పార్శ్వమును తొలగించి, మిగిలిన పార్శ్వమునే పంపుదురు. శక్తి మిగులును, స్థలము మిగులును. అయితే పాత యంత్రములో ఆ మాట ముక్కుతో గొణిగినట్లు, అర్థముగాని ధ్వనిగా వినబడును. పోయిన వాహకతరంగమును గ్రాహకమే మఱల సమకూర్చవలెను. మోర్సు వినుటకై యుంచిన బీట్ ఆసిలేటరు ఆ పని చేయగలదు. అయితే దాని బలము వచ్చు తరంగముకంటె అధికమై యుండవలెను.

కావున ఎస్.ఎస్.బి. వినుటకు గ్రాహకపు రేడియోశక్తిని తగ్గించి, శబ్దపు మీటను పెంచవలెను. నూతనముగా పనినేర్చువారు దీనికి విరుద్ధముగా చేసి, యంత్రమును నిందింతురు. హెచ్.ఆర్.ఓ. వంటివానిలో ఇందుకు ప్రత్యేకమైన మీట గలదు. అట్టిది లేని చిన్న యంత్రములకు 1,000 ఓముల తిరుగుడు రెసిస్టరును బయట బెట్టి, దాని రెండు కొనలను ఏరియలునకును ఎర్తునకును, నడిమి కొనను గ్రాహకమునకును గలిపినయెడల కావలసినంత తగ్గించుకొనవచ్చును. కొద్దిపాటి ఖర్చుతో గొణుగుడు మాటగా మాఱుటను విన్నవారు మిక్కిలి యాశ్చర్యపడుదురు.

ఎంపికశక్తికి వత్తము. ఎ.ఎం. ప్రసారమునకు సుమారు 6 కిలోహెర్ట్జుల వెడల్పు గావలెను, ఎస్.ఎస్.బి.కి 3లోపలనే చాలును. మోర్సునకు అరకిలోహెర్ట్జు చాలును. వాకిలి వెడల్పుగా నున్నచో పిలువనివారును లోపలికి వత్తురు. 1932లో అమెరికాకు జెందిన జేమ్స్ ల్యాంబు స్ఫటికముతో, అనగా క్వార్ట్జు పలుకతో, ఈ వాకిలిని ఇఱుకు చేయు ఉపాయమును ఔత్సాహికుల గ్రాహకములకు సమకూర్చెను. హెచ్.ఆర్.ఓ.లో నట్టి స్ఫటికము గలదు. అది లేనిచో ఇయర్‌ఫోనునకు ముందు, 300 మొదలు 3,000 హెర్ట్జుల వఱకు మాత్రమే పోనిచ్చు చిన్న శబ్దశోధకమును బయట నమర్చుట రెండవ మేలు.

నిలుకడ విషయము. ఎ.ఎం. సంగీతము వినునప్పుడు ఒక కిలోహెర్ట్జు జాఱినను చెవికి పట్టదు. ఎస్.ఎస్.బి.లో నూఱు హెర్ట్జులు జాఱినను కంఠము మాఱిపోవును. వాల్వుల వేడిమిచే కాయిళ్ళు, కండెన్సర్లు వ్యాకోచించుటయే ఇందుకు ప్రధాన కారణము. ఉపయోగించుటకు అరగంట ముందుగా యంత్రమును నడిపియుంచుట, గాలి యాడు తావున బెట్టుట, డయలు త్రాడును బిగించుట, ఆసిలేటరు దగ్గఱ వదులైన తీగలను కదలకుండ చేయుట సులభోపాయములు. తగిన వోల్టేజిగల పెద్ద యంత్రములలో వి.ఆర్.-150 యను వాయువు నింపిన వాల్వుతో ఆసిలేటరునకు స్థిరమైన 150 వోల్టుల నిచ్చినయెడల, ఇంటి విద్యుత్తు హెచ్చుతగ్గులచే స్వరము చలింపకుండును.

చేయరాని పనులు

యంత్రము ముందుపలకపై క్రొత్త మీటలకై రంధ్రములు చేయుట, పాత వాల్వులను పెఱికి ట్రాన్సిస్టర్లు పెట్టుట, రంగు గీకివేయుట మొదలగు పనులు తగవు. మేము పైని జెప్పిన సవరణలలో ముఖ్యమైనవన్నియు పెట్టెకు బయటనే యున్నవని చదువరులు గమనింపవలెను. లోపల మార్చినవానికి పట్టిక వ్రాసి, ఏ దినమున ఏ భాగమునకు బదులు ఏది పెట్టితిరో తెలిపి, పెట్టెలోనే యుంచవలెను. తొలగించిన భాగములను గూడ చిన్న సంచిలో దాచవలెను. మన తరువాత దానిని చేపట్టువానికి మనము చేసినదానిని మఱల సరిదిద్దు అవకాశముండవలెను. యంత్రము మనది, అయినను మనకు మాత్రమే కాదు.

నేడు అఱచేతిలో ఇముడు గ్రాహకములు, కంప్యూటరుతో నడచునవి, పైని జెప్పిన పనులన్నిటిని ఇంతకంటె చక్కగా చేయగలవు. నిజమే. మఱి యీ పాతవానితో నేమి పనియని తల్లిదండ్రులు అడుగవచ్చును. నేటి యంత్రములో పనియంతయు కంటికి గానరాని చిప్పులో జరుగును. పాత యంత్రములో తరంగము ఎచ్చట ప్రవేశించునో, ఎచ్చట మాఱునో, ఎచ్చట మాటయగునో విద్యార్థి వ్రేలు పెట్టి చూపగలడు. కాయిలు, కండెన్సరు, వాల్వు, ఓము నియమము, అనునాదము – పుస్తకములోని పుటలన్నియు అచ్చట లోహరూపమున నున్నవి. ఒక్క గ్రాహకమును సరిచేసినవాడు విద్యుచ్ఛాస్త్రమును సగము చదివినవాడే.

వినుట యను విద్యకు మఱియొక ప్రయోజనమును గలదు. 2004వ సంవత్సరము డిసెంబరు 26వ తేదీన సముద్రము పొంగి అండమాను దీవులను ముంచినప్పుడు, హైదరాబాదులోని జాతీయ ఔత్సాహిక రేడియో సంస్థకు జెందిన బృందము శ్రీమతి భారతీ ప్రసాదు గారి నాయకత్వమున పోర్టుబ్లెయిరులో నుండెను. వారు పోయినది దూరదేశములతో మాటలాడు వేడుకకు. అయితే ప్రళయము వచ్చినప్పుడు ఆ యంత్రములే దీవులలోని జనుల క్షేమవార్తలను బంధువులకు జేర్చినవి. అట్టి వేళలలో వచ్చు స్వరము బలమైనది కాదు. అది హోరులో మునిగి, సగము తెగి వచ్చును. దానిని విడదీసి వినగల చెవి ఒక్కనాటిలో అలవడదు.

ప్రసారము చేయగోరువారు ప్రభుత్వమువారి పరీక్షయందు నెగ్గి అనుమతి బొందవలెను. పండ్రెండేండ్లు నిండినవారు ఆ పరీక్షకు గూర్చుండవచ్చును. అంతవఱకు వినుట నేర్చుకొనుడు. ప్రాణము గాచుకొనుడు, ముందు మరమ్మతు, తరువాత శ్రుతి, పిదప ఏరియలు, అటుపిమ్మట అవసరమైన సవరణ – ఈ వరుసను దప్పకుడు. ప్రతి మెట్టునను ఏరియలు ఊడదీసి చూచి, ఏమి మాఱినదో చిన్న పుస్తకమున వ్రాసికొనుడు. అడ్డు తొలగినకొలది, మునుపు లేదనుకొన్న స్వరములు అక్కడనే యుండెనని మీకే తెలియును.